సినిమా చెప్పే ముబీన్

నారాయణఖేడ్ బస్టాండ్ బయట మనూర్ వైపు పోయే ఆటోలు వరసగా నిలబడతాయి. ముందున్నది నిండితే వెనకది ముందుకు జరగాలి. అయితే 2009 దాకా అక్కడ ఒక వింత జరుగుతుండేది. ముందు ఆటోలో చోటున్నా కొందరు ఎక్కేవాళ్ళు కాదు. వెనక మూడోదో నాలుగోదో అయిన ముబీన్ ఆటో వంతు వచ్చేదాకా గోడ నీడలో కూర్చునేవాళ్ళు. ముబీన్ దారి పొడుగునా సినిమా చెప్తాడు, అందుకని.

టాకీసులో కొత్త బొమ్మ పడితే మొదటి ఆటకు ముబీన్ ఉండాల్సిందే. పెద్ద హీరో సినిమా అయితే ఖేడ్‌కు వచ్చేదాకా ఆగలేక జహీరాబాద్ పోయి చూసొచ్చేవాడు. మర్నాడు పొద్దున ఆటో ఎక్కిన ఏడెనిమిది మందికి కథంతా చెప్పేవాడు. మనూర్ వచ్చేసరికి సినిమా సరిగ్గా అయిపోయేది. దారిలో ఎవరైనా ముందే దిగాల్సి వస్తే, మిగతాది రేపు చెప్పమని తమ పేరు చెప్పి మరీ దిగేవాళ్ళు.

అతనికి సినిమా అంటే ఫైటింగ్ సినిమానే. దాని మీద అతని అభిప్రాయాలు ఖచ్చితంగా ఉండేవి. హీరో మొదట దెబ్బలు తినాలి, తినకుండా కొడితే ఆ కొట్టుడులో పస ఉండదు. కోటు వేసుకున్న విలన్ కన్నా లుంగీ కట్టిన విలనే నయం. పాట వస్తే బయటికి పోయి చాయ్ తాగి రావచ్చు. ఇక బండ్లు లేని ఫైటింగు ఫైటింగే కాదు. జీపులు, లారీలు, సుమోలు గాల్లోకి లేచి ఎన్ని పల్టీలు కొట్టాయన్నదాన్ని బట్టి సినిమాకు మార్కులు వేసేవాడు. టీవీలో వచ్చే సీరియళ్ళ మాటెత్తితే మాత్రం మొహం చిట్లించేవాడు. ఒక్క ఏడుపును నెల రోజులు సాగదీసే పని తనకు చేతకాదని, అవి చూసేంత తీరిక అల్లా తనకు ఇవ్వకూడదని అనేవాడు.

అతని సినిమాలు వినేవాళ్ళలో శంకరప్ప అనే రైతు ఒకడు. మనూర్ దగ్గరి పల్లె అతనిది, యాభై దాటాయి. టాకీసులో అడుగుపెట్టి ఇరవై ఏళ్ళయిందని, అయినా ఏ సినిమా వదలకుండా ముబీన్ నోటితోనే చూస్తున్నానని చెప్పుకునేవాడు. డ్రైవరు పక్కన ఎడమవైపు సగం సీటు ఎప్పుడూ ఆయనదే.

2009 జూన్‌లో, తొలి వానలు పడ్డ వారానికి, శంకరప్ప కంది విత్తనాల సంచి కాళ్ళ మధ్య పెట్టుకుని ముబీన్ పక్కన కూర్చున్నాడు. వెనక ఏడుగురు ఉన్నారు. ముబీన్ ముందు రోజే జహీరాబాద్‌లో చూసిన సినిమా మొదలుపెట్టాడు. కథ ఆఖరి ఫైటింగు దాకా వచ్చింది. హీరో పరుగెత్తే జీపులో రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు. ఎదురుగా లారీ వస్తోంది.

శంకరప్ప నవ్వుతూ ముందుకు వంగి, దూకాడా అని అడిగాడు.

ఎట్లా దూకాడో చూపించడానికి ముబీన్ హ్యాండిల్ మీంచి రెండు చేతులూ ఎత్తాడు. ఎంతసేపో కాదు, రెండు మూడు క్షణాలు. అదే సమయానికి తుప్పల్లోంచి ఒక ఎద్దు రోడ్డు మీదికి వచ్చింది. చేతులు మళ్ళీ హ్యాండిల్‌కు అందేసరికి ఆటో కల్వర్టు అంచు దాటింది.

వెనకున్నవాళ్ళకు దెబ్బలు తగిలాయి. ఒకామెకు చెయ్యి విరిగింది. ముబీన్ కుడి తొడ ఎముక, దాని కింద మోకాలి చిప్ప పగిలిపోయాయి. శంకరప్ప దవాఖానకు చేరేలోపే పోయాడు.

పోలీసులు మంచం దగ్గరికి వచ్చి అడిగినప్పుడు, ఎద్దు అడ్డం వచ్చిందని ముబీన్ చెప్పాడు. వెనక కూర్చున్నవాళ్ళు కూడా అదే చెప్పారు. వాళ్ళకు కనిపించింది ఎద్దే. చేతుల సంగతి చూసిన మనిషి శంకరప్ప ఒక్కడే.

*

హైదరాబాద్‌లో తొడలోకి రాడ్డు వేసి ఇంటికి పంపారు. మూడు నెలలు కాలు కింద పెట్టొద్దన్నారు. నెల తిరక్కుండానే కుట్ల దగ్గర చీము పట్టింది. మళ్ళీ తీసుకెళ్ళి, మళ్ళీ కోసి, ఇంకో నాలుగు నెలలన్నారు.

ఇల్లు ఒక గది, వెనక ఒక వంటిల్లు. ముబీన్‌కు పెళ్ళి కాలేదు. తల్లి హాజిరాబీ, మోటారు పంపులు బాగుచేసే తమ్ముడు అంజద్, అతను, ముగ్గురే. ఉన్న ఒక్క టీవీ ఆ గదిలోనే ఉంది. మంచం వేయడానికి వేరే చోటు లేక దాన్ని టీవీకి ఎదురుగా వేశారు. కాలు కింద రెండు దిండ్లు పెట్టి, అటూ ఇటూ కదలకుండా ఇసుక సంచులు ఆనించారు. పక్కకు ఒరగడానికి లేదు. తల కొంచెం ఎడమకు తిప్పితే గోడ, కుడికి తిప్పితే తలుపు సందులోంచి జానెడు వీధి. సూటిగా చూస్తే టీవీ. రిమోట్ పక్కనే పెట్టేవాళ్ళు గానీ, ఏ ఛానల్ పెట్టాలో చెప్పే హక్కు మాత్రం తల్లిదే.

మధ్యాహ్నం రెండు దాటితే పక్కింటి బసమ్మ వచ్చేది. హాజిరాబీ, బసమ్మ ఇద్దరూ మంచం కాళ్ళవైపు చాప పరుచుకుని కూర్చునేవాళ్ళు. వరసగా నాలుగు సీరియళ్ళు. మళ్ళీ సాయంత్రం మూడు. ఇంట్లో ఉర్దూ మాట్లాడే హాజిరాబీకి బసమ్మతో తెలుగు, టీవీతో కూడా తెలుగే. కోడలికి విషం పెట్టబోయే అత్తను ఇద్దరూ కలిసి తిట్టేవాళ్ళు.

మొదట్లో ముబీన్ ఊరుకోలేక మధ్యలో మాట విసిరేవాడు. ఆ ఇంట్లో పొద్దున లేచి పట్టుచీర కట్టుకుని నగలతో నిద్రపోయేవాళ్ళు మనుషులా, దుకాణంలో బొమ్మలా అని అడిగేవాడు. తలుపు తీసినప్పుడు ఒక్కొక్కరి మొహం మూడుసార్లు ఎందుకు చూపించాలని, ఆ మూడు మొహాల్లో సగం సినిమా అయిపోతుందని అనేవాడు. బసమ్మ నవ్వేది. ఈ పిల్లగాడు నడుం పడిపోయినా నోరు పడిపోలేదని హాజిరాబీ విసుక్కునేది.

ఆ సీరియళ్ళలో ఒకదాంట్లో కారు ప్రమాదం జరిగి హీరో స్పృహ లేకుండా పడి ఉన్నాడు. ఆషాఢంలో పడుకున్నవాడు శ్రావణం వచ్చినా లేవలేదు. నుదుటి మీద చిన్న పట్టీ, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, దువ్విన జుట్టు. పెళ్ళాం రోజూ పక్కన కూర్చుని ఏడుస్తుంది. ఒక రోజు ముబీన్ అది చాలాసేపు చూశాడు. అప్పటికి హాజిరాబీ రోజుకు రెండుసార్లు బసమ్మను బయటికి పంపి, తలుపు దగ్గరగా వేసి, కొడుకు నడుం కింద రేకు పళ్ళెం పెట్టి తీస్తోంది. ముప్పై రెండేళ్ళ కొడుకు ఆ సమయంలో పైకప్పు వైపు చూస్తూ ఉంటాడు.

"గాయినకు పళ్ళెం ఎవలు పెడ్తున్నరు బసమ్మా?" అని అడిగాడు.

బసమ్మ ఈసారి నవ్వలేదు. హాజిరాబీ లేచి వంటింట్లోకి పోయింది. ఆ తర్వాత ముబీన్ సీరియళ్ళ మీద మాట్లాడటం మానేశాడు. చూడకుండా ఉండటం మాత్రం అతని చేతిలో లేదు. కళ్ళు మూసుకున్నా ఆ ఏడుపులు వినిపించేవి. వారం తిరిగేసరికి ఏ పాటకు ఏ సీరియల్ మొదలవుతుందో, ఏ ఉరుము చప్పుడుకు ఎవరి మొహం తెర మీదికి వస్తుందో అతనికి కంఠతా వచ్చేసింది.

సాయంత్రం పని నుంచి వచ్చిన అంజద్ అన్నకు ఇష్టమని కేబుల్ వాళ్ళ ఛానల్లో ఫైటింగ్ సినిమా పెట్టేవాడు. అది ఇంకా కష్టమైంది. మొదటిసారి తెర మీద ఒక జీపు ఎగిరి తలకిందులుగా పడ్డప్పుడు ముబీన్ కాలిలో ఏదో లాగినట్టయింది. హీరో వెనక్కి తిరిగి కూడా చూడకుండా నడిచిపోయాడు. కెమెరా హీరో వెంటే పోయింది.

"జీపుల ఎవలుండిరి?" అన్నాడు ముబీన్.

రౌడీలని అంజద్ చెప్పాడు.

"నడిపేటోడు గూడ రౌడీయేనా? పక్క సీట్ల కూసున్నోడు?"

అన్న ఎగతాళి చేస్తున్నాడేమో అనుకున్నాడు అంజద్. తర్వాతి సినిమాలో లారీ కింద మూడు సుమోలు నలిగిపోయాయి, ముబీన్ మళ్ళీ అదే అడిగాడు. ఇంకో సినిమాలో హీరో ఆటో మీద నుంచి ఆటో మీదికి దూకుతూ పోయాడు, వెనక ఆటోలు ఒక్కొక్కటీ బోర్లా పడ్డాయి. టాకీసులో అయితే ఇక్కడ ఈలలు పడతాయని ముబీన్‌కు తెలుసు. తనే వేసి ఉండేవాడు. ఆ ఆటోల్లో ఒకదాని ముందు సీటులోంచి బయటికి వేలాడుతున్న చెయ్యి అరక్షణం కనిపించింది. సినిమా దాన్ని పట్టించుకోలేదు. ముబీన్ టీవీ కట్టెయ్యమన్నాడు. ఇష్టమైనవి పెట్టినా వద్దంటే ఇంకేం పెట్టమంటావని అంజద్ విసుక్కుని, బయటికి వెళ్ళిపోయాడు.

ఆటో స్టాండు దోస్తులు అప్పుడప్పుడు వచ్చేవాళ్ళు. వాళ్ళు రావడమే కొత్త సినిమా చూశావా, ఎట్లుంది అని మొదలుపెట్టేవాళ్ళు. మంచం మీద పడుకుని రోజంతా టీవీ చూసే అదృష్టం ఎవరికి దొరుకుతుందని ఒకడు అన్నాడు. ముబీన్ నవ్వాడు. చెప్పమంటే మాత్రం చెప్పలేకపోయేవాడు. కథ నోటి దాకా వచ్చేది, దానితోపాటే "దూకిండా" అన్న మాట కూడా వచ్చేది.

*

అక్టోబర్‌లో ఒక సంత రోజు మధ్యాహ్నం గుమ్మం ముందు ఒక ఆడమనిషి నిలబడింది. బక్కపలచని మనిషి, చేతిలో గుడ్డ సంచి. ఇది సినిమా చెప్పే ముబీన్ ఇల్లేనా అని అడిగింది. తన పేరు భీమమ్మ అని, శంకరప్ప భార్యనని చెప్పింది.

హాజిరాబీ గబగబా లేచింది. టీవీ కట్టబోతే భీమమ్మ వద్దంది. నడుస్తున్నది నడవనీ అని బసమ్మ పక్కన చాప మీద కూర్చుంది. కొట్లాటకు వచ్చినట్టు లేదు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక కాసేపు కూర్చుందామనుకున్నట్టు ఉంది.

తెర మీద ఆ స్పృహ లేని హీరో చనిపోయాడని డాక్టరు చెప్పిన రోజు అది. పెళ్ళాం గాజులు పగలగొట్టుకుని గుమ్మానికి తల బాదుకుంటోంది. వెనక వయొలిన్లు మోగుతున్నాయి. బసమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. భీమమ్మ కన్నార్పకుండా చూసింది.

"గట్ల ఏడుపు రాదు," అంది చివరికి. "నాకైతె మూడు దినాలు ఏడుపే రాలె. ఎడ్లకు నీళ్ళు పెట్టిన, కందులు చల్లిచ్చిన. నాలుగో దినం ఆయన బీడీల కట్ట దొరికితె ఏడిసిన."

బసమ్మ రిమోట్ తీసుకుని టీవీ ఆపేసింది. నాలుగు నెలల్లో పగటిపూట ఆ గది అంత నిశ్శబ్దంగా ఎప్పుడూ లేదు.

భీమమ్మ మంచం వైపు తిరిగింది. తన మొగుడు సంత నుంచి వచ్చిన ప్రతిసారీ ముబీన్ చెప్పిన సినిమాను రాత్రి అన్నం తింటూ తనకు చెప్పేవాడని, సగం మరిచిపోయి తనే ఏదో కల్పించేవాడని చెప్పింది. తరవాత ఎందుకొచ్చిందో చెప్పింది.

"అందరు ఎద్దు సంగతే చెప్తున్నరు. ఆయన సంగతి ఒక్కరు చెప్తలేరు. నువ్వు పక్కనుంటివి. ఆఖరికి ఏం మాట్లాడిండు?"

ముబీన్ పైకప్పు వైపు చూశాడు. అటూ ఇటూ ఇసుక సంచులు. లేచి పోవడానికి లేదు, పక్కకు తిరిగి మొహం దాచుకోవడానికి లేదు. తల్లి చూపు తన మీద ఉందని తెలుస్తోంది. ఏదో దేవుని పేరు తలుచుకున్నాడని చెప్తే ఆమె లేచి వెళ్ళిపోతుంది. ఆ మాట నాలుక మీదికి వచ్చింది కూడా.

"నవ్వుతుండె," అన్నాడు. "సినిమా చెప్తున్న. హీరో దూకిండా అని అడిగిండు. గదే ఆఖరు మాట."

భీమమ్మ తల ఊపింది. ఆమెకు అది చాలినట్టే ఉంది. సంచి దగ్గరికి తీసుకుంది. అప్పుడు ముబీన్ మిగతాది కూడా చెప్పాడు.

"నేను హ్యాండిల్ ఇడిసిన అమ్మా. రెండు చేతులు. ఎట్ల దూకిండో చూపెట్టెతందుకు."

హాజిరాబీ గట్టిగా అతని పేరు పిలిచి, ఉర్దూలో ఊరుకోమంది. భీమమ్మకు ముబీన్ అన్నది అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది.

"మరి ఎద్దు రాలేదా?"

"వచ్చింది. అబద్ధం కాదు. చేతులు హ్యాండిల్ మీదుంటె తప్పిస్తుంటినో ఏమో. నాకు తెల్వదు. నాలుగు నెలల సంది గదే సూస్తున్న."

ఆమె లేచింది. హాజిరాబీ నీళ్ళ గ్లాసు తెస్తే ముట్టుకోలేదు. గుమ్మంలో చెప్పులు వేసుకుంటుంటే ఒక చెప్పు జారింది. దాన్ని మళ్ళీ వేసుకుని, వెనక్కి చూడకుండా వీధిలోకి పోయింది. ముబీన్‌కు తలుపు సందులో ఆమె చీర అంచు ఒక్క క్షణం కనిపించింది.

*

మర్నాడు హాజిరాబీ కొడుకును నిలదీసింది. కాలు పోయింది, ఇప్పుడు జైలు కూడా కావాలా అని అడిగింది. ఎవరూ చూడనిదాన్ని ఎందుకు నోటితో బయట పెట్టావంది. అంజద్‌కు తెలిసి తల పట్టుకున్నాడు. శంకరప్ప బంధువులు కర్రలతో వస్తారని, లేకపోతే పోలీసులు వస్తారని ఇద్దరూ ఎదురుచూశారు. వీధిలో జీపు ఆగితే హాజిరాబీ తలుపు గడియ పెట్టేది. మంచం మీద ఉన్నవాడికి వచ్చేవాళ్ళను ఆపడం, దాక్కోవడం, పారిపోవడం ఏదీ లేదు.

ఎవరూ రాలేదు. దీపావళి పోయింది, బక్రీద్ పోయింది. భీమమ్మ ఎవరికీ చెప్పలేదని అర్థమైంది. దానితో ఇంట్లో ఇద్దరికీ ప్రాణం లేచివచ్చింది. మళ్ళీ టీవీ పెట్టారు. బసమ్మ కూడా ఆ మాట ఎక్కడా అనలేదు. హీరో చనిపోయిన సీరియల్లో అదే మొహంతో ఇంకో మనిషి వచ్చాడు, వాడు తమ్ముడో, బతికొచ్చిన వాడో అని చాప మీద వాదులాట నడుస్తోంది. ముబీన్ మాత్రం అంతకుముందుకన్నా ఇరుకున పడ్డాడు. చెప్పినందుకు భీమమ్మ తిడుతుందనుకున్నాడు, కొడుతుందనుకున్నాడు. ఆమె ఏమీ అనకుండా పోవడంతో, ఆ మాట ఇప్పుడు ఆమె కూడా మోస్తోందని తోచేది. తన బరువు దించుకుని మొగుడు పోయిన ఆడమనిషి నెత్తిన పెట్టినట్టు అనిపించేది.

జనవరిలో చంకల కింద కట్టెలు పెట్టుకుని నిలబడమన్నారు. మొదటి రోజు గుమ్మం దాకా పోయాడు. పది రోజులకు వీధి చివర దాకా. కాలు రెండంగుళాలు పొట్టిదైంది, మోకాలు వంగదు. ఫిబ్రవరి మొదట్లో ఒక పొద్దున అంజద్‌ను పిలిచి బండి తీయమన్నాడు. ఎక్కడికంటే పోలీస్ స్టేషన్‌కు అన్నాడు.

అంజద్ చాలాసేపు వాదించాడు. లైసెన్సు పోతుంది, శిక్ష పడుతుంది, ఆయన ఎట్లాగూ తిరిగిరాడు అన్నాడు. ఇంత కాలం లేనిది ఇప్పుడెందుకని అడిగాడు.

"నువ్వు తోల్కపోకుంటె కట్టెల మీద పోత," అన్నాడు ముబీన్.

స్టేషన్‌లో రాసుకునే జమేదారు కూడా అదే అడిగాడు, ఇప్పుడెందుకని. అప్పుడు రాసిన వాంగ్మూలం తీసి చదివి, ఎద్దు ఉంది కదా, చాలదా అన్నాడు. చాలదని ముబీన్ చెప్పాడు. జమేదారు మొహంలో విసుగే తప్ప ఇంకేమీ లేదు. కాయితం మార్చి మళ్ళీ రాశాడు.

కేసు ఏడాది పైన నడిచింది. వాయిదాకు పోవడం, చెట్టు కింద కూర్చోవడం, పేరు పిలవకపోవడం, ఇంటికి రావడం. వచ్చాక మళ్ళీ అదే గది. ఆటో అమ్మేశారు. కూర్చుని చేసే పని ఏదీ దొరకలేదు. 2011 మార్చిలో మేజిస్ట్రేటు అడిగితే ముబీన్ ఒప్పుకున్నాడు. ఆరు నెలల శిక్ష పడింది. ఎంతో తేలికవుతుందని అనుకున్నాడు గానీ, ఆ మాట విన్నప్పుడు అతనికి తల్లి ఏమైపోతుందోనన్న భయం తప్ప ఇంకేమీ కలగలేదు.

కోర్టు వరండాలో భీమమ్మ ఉంది. అంతకుముందు ఏ వాయిదాకూ ఆమె రాలేదు. కానిస్టేబుల్ కాయితాల కోసం లోపలికి పోయినప్పుడు దగ్గరికి వచ్చింది.

"నేను మాఫ్ చేసిన అనుకోకు," అంది.

"అనుకుంటలేనమ్మా."

"ఆయన నవ్విండని చెప్పినవ్ గద. నిజమేనా? నా మనసు కోసం చెప్పినవా?"

"నిజమే. పెద్దగ నవ్విండు."

హాజిరాబీ వరండా చివర కూర్చుని ఏడుస్తుంటే, భీమమ్మ పోతూ పోతూ ఆమె పక్కన ఒక నిమిషం నిలబడింది. ఏమైనా మాట్లాడిందో లేదో ముబీన్‌కు వినిపించలేదు.

సంగారెడ్డి జైలుకు పోయే బస్సులో కానిస్టేబుల్ కిటికీ సీటు అతనికి ఇచ్చాడు. మోకాలు వంగకపోవడంతో ముబీన్ అక్కడ పట్టలేదు. ఇద్దరూ సీట్లు మార్చుకున్నారు. ముబీన్ కుడి కాలు నడిచే దారిలోకి చాపి కూర్చున్నాడు. బస్సు నిండుగా ఉంది. ప్రతి స్టేజీలో ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ ఆ కాలిని దాటుకుంటూ పోయారు.